అప్‌డేట్‌కు తొమ్మిది నిమిషాలు

ఉదయం 10 గంటల 36 నిమిషాలకు ఆ ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. 10.45కి తిరిగి వచ్చింది.

ఆ తొమ్మిది నిమిషాల్లో డెబ్బై నాలుగేళ్ల పెద్దాయన ఒకరు ఇంట్లోంచి మాయమయ్యారు.

ఇన్‌స్పెక్టర్ మూడో అంతస్తు మెట్లెక్కేసరికి 11.52. వెనక హెడ్ కానిస్టేబుల్. తలుపు బార్లా తెరిచి ఉంది. హాల్లో ముగ్గురున్నారు. ముగ్గురూ నిలబడే ఉన్నారు. కిటికీ పక్కన పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పినట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్‌కి నలభై ఆరేళ్లు. తక్కువ మాట్లాడుతుంది. స్టేషన్లో ఆమె వెనకాల ఆమెను గడియారం అంటారు. ఎదుటివాళ్లు ఏం చెప్పినా ముందు "ఎన్నింటికి?" అని అడుగుతుంది కాబట్టి.

"ఆయన లేరని ముందు ఎవరు చూశారు?"

"నేనే," అంది కూతురు. లైబ్రరీలో ఆమె ఉద్యోగం. మెడలో ఐడీ కార్డు ఇంకా తీయలేదు.

"ఎన్నింటికి?"

"పదీ యాభైకి. లైబ్రరీలోంచే ఫోన్లో కెమెరా చూశాను. కుర్చీలో నాన్న లేరు. బాత్‌రూమ్‌కి వెళ్లుంటారనుకున్నాను. పదకొండుకి మళ్లీ చూశాను. అప్పుడూ లేరు. పదకొండూ అయిదుకి నర్సమ్మకి ఫోన్ చేశాను."

నర్సమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. ఏడాదిగా పగలంతా పెద్దాయన్ని ఆమే చూసుకుంటోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కూతురు మిగతాది చెప్పింది. ఎనిమిది నెలల క్రితం డాక్టరు మతిమరుపు జబ్బు అన్నాడు. పోయిన నెల పెద్దాయన కూరగాయలకని వెళ్లి అయిదు గంటలు కనిపించలేదు. చివరికి ఓ బస్సు కండక్టరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ మర్నాడే అల్లుడు ఇంట్లో మూడు పెట్టించాడు. హాల్లో కెమెరా, అప్పటికప్పుడు చూడటానికే, రికార్డింగ్ ఉండదు. తలుపుకి సెన్సర్. పెద్దాయన మణికట్టుకి బ్యాండ్. తలుపు తెరుచుకుంటే చాలు, ముగ్గురి ఫోన్లూ మోగుతాయి.

"ఇవాళ మోగలేదు," అంది ఇన్‌స్పెక్టర్.

"మోగలేదు. మూడూ రూటర్ మీదే నడుస్తాయి," అన్నాడు అల్లుడు. కళ్లజోళ్ల షాపు అతనిది. "రూటర్ ఆగితే మూడూ ఆగుతాయి."

"బ్యాండ్ ఏది?"

"దిండు కింద దొరికింది."

హెడ్ కానిస్టేబుల్ పెద్దాయన ఫొటో తీసుకుని కంట్రోల్ రూమ్‌కి పంపాడు. బస్టాండ్లు, ఆస్పత్రులు, పెద్ద రోడ్డు. బయట ఎండ మండిపోతోంది. రోడ్డు దాటేటప్పుడు ఆయనకు కుడి ఎడమలు చూడాలని గుర్తుండటం లేదని కూతురు చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ టీవీ కింద అరలో ఉన్న రూటర్ ముందు గొంతుక్కూర్చుంది. పచ్చ లైట్లు వెలుగుతున్నాయి. ఏ తప్పూ ఎరగనట్టు ఉంది. పైన గోడ మీద ఓ పాత గ్రూప్ ఫొటో. వైర్లు నిండిన పొడుగాటి బీరువాల ముందు పదిమంది మగవాళ్లు.

"ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయండి," అంది.

కంపెనీ టెక్నీషియన్ 12.14కి వచ్చాడు. ఆ పేటలో అతన్ని అందరూ సిగ్నల్ బాబాయ్ అంటారు. యాభై ఎనిమిదేళ్లు, బట్టతల, చంకలో ల్యాప్‌టాప్. రూటర్‌కి వైరు తగిలించి, కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదకి దించుకున్నాడు.

"కరెంటు పోలేదు మేడమ్. లైను తెగలేదు. ఇది ఫర్మ్‌వేర్ అప్‌డేట్."

"అంటే?"

"రూటర్ లోపల ఓ ప్రోగ్రాం ఉంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటాం. కంపెనీ అప్పుడప్పుడూ కొత్తది ఇస్తుంది. అది ఎక్కేటప్పుడు ఎనిమిది పది నిమిషాలు నెట్ ఉండదు."

"మీరు పంపిందేనా?"

"మేం పంపితే తెల్లారకముందే పంపుతాం, ఎవరికీ ఇబ్బంది లేకుండా. పైగా ఈ ఇంట్లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి ఉంది."

"నేనే ఆపేశాను," అన్నాడు అల్లుడు. "ఓసారి దానంతటది ఎక్కి కెమెరా ఆగిపోయింది. రెండు వారాలుగా 'కొత్త వెర్షన్ వచ్చింది' అని చూపిస్తూనే ఉంది. తర్వాత, తర్వాత అని నొక్కుతూ వచ్చాను. మొన్న కంపెనీ వాళ్లు కాగితం కూడా పంపించారు."

"మరి ఇవాళ ఎవరు నొక్కారు?"

రూటర్‌లో ఏది ఎప్పుడు జరిగిందో నమోదయ్యే లాగ్‌ను సిగ్నల్ బాబాయ్ చదివాడు. ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్కులో రాసుకుంది.

10.29. అడ్మిన్ పేజీ. పాస్‌వర్డ్ తప్పు.

10.30. పాస్‌వర్డ్ ఒప్పు.

10.33. సెట్టింగుల బ్యాకప్.

10.36. అప్‌డేట్ మొదలు.

10.45. పూర్తి.

"ఇంట్లోంచే చేశారు మేడమ్. ఓ ట్యాబ్‌లోంచి."

ట్యాబ్ డైనింగ్ టేబుల్ మీద ఉంది. పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీదే ఉంది. ఎవరైనా తిప్పి చూడొచ్చు.

"ఈ ట్యాబ్ ఎవరిది?"

"అందరిదీ," అంది కూతురు. "నాన్న పాటలు వింటారు. నర్సమ్మ సీరియల్స్ చూస్తుంది."

"మీ నాన్నగారు సొంతంగా వాడగలరా?"

"టీవీ రిమోట్‌లో ఏ బటన్ ఎందుకో గుర్తుండదు ఆయనకి. పాట కూడా నర్సమ్మే పెట్టాలి."

ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కర్నీ విడిగా పిలిచింది. వంటింట్లో.

మొదట అల్లుడు.

"10.36కి ఎక్కడున్నారు?"

"షాపులో. ఇద్దరు కస్టమర్లున్నారు, అడగండి." అతను సింకు వైపు చూశాడు. "కానీ తప్పు నాదే మేడమ్. పొద్దున ఎనిమిదింటికి మావయ్యగారు చొక్కా తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఓ చోటికి వెళ్లాలన్నారు. ఎక్కడికో చెప్పరు. ఎందుకో చెప్పరు. నేను అరిచాను. మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, కూర్చోండి అన్నాను. చిన్నపిల్లాడిలా వెళ్లి కూర్చున్నారు."

తర్వాత కూతురు.

"ఎక్కడికి వెళ్లాలన్నారో మీకేమైనా తెలుసా?"

"తెలీదు. మూడు వారాలుగా అడుగుతున్నారు. అమ్మాయీ, ఓ చోటికి తీసుకెళ్లు అని. ఆదివారం వెళ్దాం నాన్నా అన్నాను. ఆదివారం బట్టలు, బజారు. మళ్లీ ఆదివారం అన్నాను. మూడు ఆదివారాలు." ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుంటోంది. "ఎక్కడికని గట్టిగా అడగనైనా లేదు. ఎలాగూ మరిచిపోతారులే అనుకున్నాను. తప్పు నాది."

చివరికి నర్సమ్మ.

"10.36కి?"

"వెనక బాల్కనీలో ఉన్నానమ్మా. ఫోన్లో."

"ఎంతసేపు?"

"పదింబావు దాటాక మొదలెట్టాను. పదకొండూ అయిదుకి అమ్మగారి ఫోను వచ్చేదాకా."

"నలభై నిమిషాలు. ఎవరితో?"

"మా అమ్మాయితో. పురుడొచ్చి నాలుగు రోజులైంది. బిడ్డకి పాలు చాలడం లేదని ఏడుస్తోంది. ఓదారుస్తూ ఉండిపోయాను." ఆమె చేతులు జోడించింది. "నేను చూసుకోవాల్సిన మనిషమ్మా. నాదే తప్పు. ఏం చేసినా పడతాను."

ఇన్‌స్పెక్టర్ ఇరవై మూడేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉంది. అడిగీ అడగకముందే అందరూ ఒప్పేసుకునే కేసు ఆమెకెప్పుడూ తగల్లేదు.

కానీ ముగ్గురిలో 10.36కి ఇంట్లో ఉన్నది ఒక్క మనిషే. ట్యాబ్ వాడటం తెలిసింది ఆ మనిషికే.

"అప్‌డేట్ నువ్వే నొక్కావా?" ఇన్‌స్పెక్టర్ గొంతు మారింది. మీరు కాస్తా నువ్వు అయింది.

"అదేంటో కూడా నాకు తెలీదమ్మా."

"ఫోన్ మాట్లాడుకుంటుంటే కెమెరాలో కనపడకూడదని ఆపావా?"

"లేదమ్మా."

"ఏం చేసినా పడతానన్నావు ఇందాక. ఏం చేశావని?"

12.41కి హెడ్ కానిస్టేబుల్ నర్సమ్మను ఆటో ఎక్కించి స్టేషన్‌కి తీసుకెళ్లాడు.

"నిజం చెప్పేదాకా అక్కడే కూర్చోబెట్టు," అంది ఇన్‌స్పెక్టర్.

ఒంటిగంటకి కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. బస్టాండ్లలో లేరు. ఆస్పత్రుల్లో లేరు. మార్చురీలోనూ చూశామని అవతలి గొంతు చెప్పింది. ఆ మాట ఇన్‌స్పెక్టర్ కూతురికి చెప్పలేదు.

ఆమె మళ్లీ నోట్‌బుక్కు తెరిచింది. అయిదు లైన్లు. ఒక్కో లైను మీదా పెన్ను ఆనిస్తూ వచ్చింది. మూడో దాని దగ్గర ఆగింది.

1.08.

"బాబాయ్, ఈ 10.33 ఏమిటి? బ్యాకప్?"

సిగ్నల్ బాబాయ్ వైర్లు చుట్టుకుంటున్నాడు. "సెట్టింగుల కాపీ మేడమ్. అప్‌డేట్ మధ్యలో పాడైతే అన్నీ పోతాయి కదా. కాపీ ఉంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు."

"అందరూ తీసుకుంటారా?"

అతను నవ్వాడు. "ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. ఇళ్లల్లో వాళ్లు బ్యాకప్ తీయడం ఒక్కసారీ చూళ్లేదు. మీతో అబద్ధమెందుకు, మేమూ తీయం."

"కంపెనీ పంపిన కాగితం ఏది?"

అల్లుడు సొరుగులోంచి తీసిచ్చాడు. నాలుగు బొమ్మలు, నాలుగు మెట్లు. ఎనిమిది నుంచి పది నిమిషాలు పట్టును, పవర్ తీయరాదు అని కింద రాసుంది. బ్యాకప్ మాటే లేదు.

"ఆ కాపీ ఎక్కడికెళ్తుంది?"

"ట్యాబ్‌లోకే. డౌన్‌లోడ్స్‌లో ఉండాలి."

ఉంది. మామూలుగా అయితే ఫైలుకి కంపెనీ పెట్టిన పొడుగాటి పేరుంటుంది. దీనికి ఎవరో పేరు మార్చారు.

4417.

"ఈ అంకె మీకేమైనా తెలుసా?"

కూతురు తల అడ్డంగా ఊపింది. అల్లుడూ అంతే. ఏటీఎం పిన్ కాదు. పుట్టినరోజు కాదు. బస్సు నంబరూ కాదు.

ఇన్‌స్పెక్టర్ గోడ మీది గ్రూప్ ఫొటో ముందుకెళ్లి నిలబడింది.

"మీ నాన్నగారు ఏం ఉద్యోగం చేశారు?"

"టెలిఫోన్ డిపార్ట్‌మెంట్ మేడమ్. ఎక్స్ఛేంజ్‌లో. ముప్ఫై ఆరేళ్లు."

సిగ్నల్ బాబాయ్ చేతిలోని వైరు వదిలేశాడు. "నాలుగంకెలు," అన్నాడు. "ఒకప్పుడు ఇక్కడి ఫోన్ నంబర్లన్నీ నాలుగంకెలే మేడమ్."

పెద్దాయన గదిలో, పాత స్వెట్టర్ల కింద, టెలిఫోన్ డైరెక్టరీ దొరికింది. కాగితాలు పసుపుపచ్చగా మారాయి. నలభై ఒకటో పేజీ మూల మడిచి ఉంది. ఒక వరస కింద పెన్సిల్ గీత. ఓ బ్యాంకు ఉద్యోగి పేరు. నీళ్ల ట్యాంకు వెనక వీధి, తొమ్మిదో ఇల్లు. 4417.

"ఈయనెవరు?"

"ఎప్పుడూ వినలేదు," అంది కూతురు. అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

వాళ్లు దిగుతుంటే సిగ్నల్ బాబాయ్ రూటర్ వైపు చూసి తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "పని మాత్రం చక్కగా చేశారు. నేను చేసినా ఇంతే."

నీళ్ల ట్యాంకు వెనక వీధి ఊరికి అవతలి కొసన ఉంది. రెండు బస్సులు మారాలి. జీపు 1.53కి తొమ్మిదో నంబరు ముందు ఆగింది. ఒంటి అంతస్తు ఇల్లు. కిటికీలకి నీలం రంగు.

తలుపు తీసినావిడకి డెబ్బై ఉంటాయి. చేతికి తడి, భుజాన తువాలు. యూనిఫాం చూసి ఆమె కంగారుపడలేదు.

"ఆయన కోసమేనా? లోపలున్నారు. ఇప్పుడే అన్నం తిన్నారు."

పెద్దాయన ముందుగదిలో చెక్క కుర్చీలో, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా నిటారుగా కూర్చుని ఉన్నారు. కూతురు వెళ్లి ఆయన మోకాళ్ల దగ్గర కూలబడింది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేశారు.

"ఇవాళ లైబ్రరీ లేదా అమ్మాయీ?"

ఆమె ఏడుస్తూనే నవ్వింది. అల్లుడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రావడానికి అతనికి మొహం చెల్లలేదు.

"ఎన్నింటికి వచ్చారు ఈయన?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"పన్నెండు కొట్టాక," అంది ఇంటావిడ. "తలుపు తీశాను. ఫోన్ అన్నారు. అంతే, ఇక మాట రాలేదు. మా ఇంట్లో ఆ ఫోన్ తీసేసి ఎన్నేళ్లో అయింది, బాగుచేయడానికి వచ్చారేమో అనుకున్నాను. ఎందుకొచ్చానో గుర్తు రావడం లేదమ్మా, కాసేపు కూర్చోనా అన్నారు. కూర్చోండి, తొందరేముంది అన్నాను. ఇంటి అడ్రసు చెప్పలేకపోతున్నారు. పక్కింటాయన్ని స్టేషన్‌కి పంపుదామనుకుంటుండగా మీరొచ్చారు."

"మేడమ్," అన్నాడు అల్లుడు గుమ్మంలోంచి. "నర్సమ్మే చేసిందనుకున్నాం కదా. మావయ్యగారే అని మీకెలా తెలిసింది?"

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్కు తీసింది.

"10.36 మీదే అందరం కళ్లు పెట్టాం. ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి ట్యాబ్ వచ్చు. అసలు సంగతి దానికి మూడు నిమిషాల ముందుంది. కెమెరా కళ్లు మూయాలనుకున్న మనిషికి రూటర్ పాడైపోతే ఇంకా మంచిది. ఎక్కువసేపు ఆగిపోతుంది. ఈ మనిషి అలా అనుకోలేదు. ఇంట్లో వాళ్ల సెట్టింగులు పోకూడదనుకున్నాడు. తాను వెళ్లిపోయాక కూడా మీ కెమెరా మీకు పనిచేయాలనుకున్నాడు. కంపెనీ కాగితంలో ఆ మెట్టు లేదు. కంపెనీ మనిషే ఆ పని చేయడు. మరెవరు చేస్తారు? లైన్ల మీద ముప్ఫై ఆరేళ్లు పనిచేసిన మనిషి. రిమోట్ నిన్న మొన్నటిది, అది మరిచిపోవచ్చు. ఆ పని చేతుల్లో ఉంది. అప్‌డేట్‌కి ముందు బ్యాకప్ తీయాలని..."

"తీశాను," అన్నారు పెద్దాయన.

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఈసారి తీశాను."

"ఈసారి అంటే?" ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా అడిగింది.

ఆయన ఇంటావిడ మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. వచ్చినప్పటి నుంచీ వెతుక్కుంటున్నది దొరికినట్టు ఆయన కుర్చీలో ముందుకి జరిగారు.

"అమ్మా, మీ పాప."

ఆవిడ భుజాన తువాలు జారి కింద పడింది. తీసుకోలేదు.

"ముప్ఫై ఒక్క ఏళ్లయింది," అన్నారు పెద్దాయన. "ఎక్స్ఛేంజ్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించే రోజు. ఉదయం పదింటికి. ముందు పాత లెక్కంతా టేపు మీదకి తీసిపెట్టుకోవాలి. గంట పని. నేనే ఇన్‌చార్జిని. టేపు అక్కర్లేదు, నలభై నిమిషాల్లో అయిపోతుంది, కానివ్వండి అన్నాను. ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయింది. రెండొందల పదహారు లైన్లు చచ్చిపోయాయి. టేపు లేదు. రిజిస్టరు చూసి ఒక్కో నంబరూ చేత్తో కొట్టాం. మీది 4417. చివరాఖరికి లేచింది. మధ్యాహ్నం మూడూ యాభైకి."

ఆయన ఆగకుండా చెప్పుకుపోయారు.

"మీవారు అర్జీ పెట్టారు. పాపకి ఊపిరి అందలేదు, డాక్టరుకి మూడుసార్లు ఫోన్ చేశాం, పలకలేదు అని. ఎంక్వైరీ వేశారు. వాన పడింది, కేబుల్ తడిసింది అని రాశారు. నా చేత సంతకం పెట్టించారు. ఆ రోజు చుక్క వాన లేదమ్మా. నేను సంతకం పెట్టాను."

"నాన్నా," అంది కూతురు. "మాకెప్పుడూ చెప్పలేదు."

"నీకు చెబితే నీకు ముందు తెలుస్తుంది. ఆవిడకి ముందు తెలియాలి. జ్ఞాపకం ఇంకో ఆరునెలలే అన్నాడు కదా డాక్టరు. తర్వాత ఇది కూడా పోతుంది. పోతే నేను తప్పించుకున్నట్టే." ఆయన మళ్లీ ఇంటావిడ వైపు తిరిగారు. "ఆ మూడుసార్లు. మీరు ఎత్తి, పెట్టి, మళ్లీ ఎత్తి. అది నాకు వినిపిస్తూనే ఉంటుంది. అన్నీ మరిచిపోతున్నాను, అది మరుపు రావడం లేదు. వచ్చేస్తుందేమోనని భయమేసింది. అందుకే వచ్చాను."

ఇంటావిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"మూడుసార్లు కాదు."

"అర్జీలో ఉందమ్మా. నేను చదివాను."

"ఒక్కసారి కూడా చేయలేదు. నేను ఫోన్ ఎత్తనేలేదు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగిపోయింది.

"ఫోన్ పెట్టించి అప్పటికి రెండు నెలలే," అంది ఆవిడ. "అది మోగితే ఎత్తడమే తప్ప నేను చేసింది లేదు. పాప ఎగశ్వాస పీలుస్తుంటే ఇంట్లో ఫోన్ ఉందన్న సంగతే నాకు తట్టలేదు. భుజాన వేసుకుని రోడ్డున పడి పరుగెత్తాను. ఆస్పత్రి గేటు దాకా వెళ్లాను. సాయంత్రం ఆయన ఒక్కటే మాట అడిగారు. ఫోన్ చేయలేకపోయావా అని. అప్పుడే పక్కింటావిడ అంది, పొద్దుట్నుంచీ వీధిలో ఫోన్లు చచ్చిపోయాయట కదా అని. ఆ మాట పట్టుకున్నాను. చేశాను, మూడుసార్లు చేశాను, పలకలేదు అన్నాను. ఆయన నన్ను ఇంకేమీ అనలేదు. అర్జీ రాశారు. నా మాట మీదే రాశారు."

"మీవారు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"పోయి తొమ్మిదేళ్లు. ఆయనకీ చెప్పలేదు. ఎక్కడో ఎవరో నా అబద్ధం మోస్తున్నారని నాకేం తెలుసు?"

పెద్దాయన భృకుటి ముడిచి ఆలోచించారు. లెక్క సరిచూసుకునే మనిషిలా.

"మీరు ఎత్తినా పలికేది కాదమ్మా. పదింటి నుంచీ చచ్చే ఉంది లైను. ఎత్తలేదని మీరు బాధపడక్కర్లేదు."

"అది మీకు తెలుసు. ఆ రోజు నాకు తెలీదు కదా. నేను ఎత్తలేదు. మీ లైను వల్ల పోయింది కాదు."

ఇన్‌స్పెక్టర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆయన మాట నిజమైతే ఆవిడ తప్పు లేదు. ఆవిడ మాట నిజమైతే ఆయన తప్పు లేదు. రెండు మాటలూ నిజమే. అయినా ఇద్దరి మొహాల్లోనూ తేలిక కనిపించలేదు. ఒకరి బరువు ఇంకొకరు లాక్కోవాలని చూస్తున్నారు, ఎవరూ వదలడం లేదు. దీనికి ఏ సెక్షనూ లేదు.

కూతురు లేచి కింద పడ్డ తువాలు తీసి ఇంటావిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

"ఈయన మళ్లీ మరిచిపోతారా?"

"పోతారండి. సాయంత్రానికే మరిచిపోవచ్చు."

"అయితే మళ్లీ తీసుకురా. మళ్లీ చెప్తాను. నాకూ ఇది ఇంకెవరికీ చెప్పుకోవడానికి లేదు." ఆవిడ అటక వైపు చూసింది. "పాప ఫొటో ఒకటుంది పైన. తీయాలంటే ఎవరైనా ఎక్కాలి."

అల్లుడు అప్పుడు లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచి, మాట్లాడకుండా స్టూలు లాక్కుని అటక మీదకి చెయ్యి చాచాడు.

3.05కి జీపు వాళ్లను ఇంటి దగ్గర దింపింది. దారిలో పెద్దాయన ఒక్క మాటే అడిగారు. "నర్సమ్మ ఏదీ?"

1.08కే ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు, నర్సమ్మ కాదని. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. పెద్దాయన్ని వెతికే హడావుడిలో ఆ మనిషి ఉందన్న సంగతే తట్టలేదు. తట్టలేదన్న మాట ఒక గంట క్రితం ఇంకొకరి నోట విన్నట్టు గుర్తొచ్చి ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. జేబులో ఫోన్ ఉంది. ఇప్పుడైనా చేయొచ్చు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది.

స్టేషన్‌కి చేరేసరికి 3.31.

నర్సమ్మ బెంచీ చివర కూర్చుని ఉంది. పక్కన మంచినీళ్ల గ్లాసు, ముట్టుకోలేదు. ఆమె ఫోన్ హెడ్ కానిస్టేబుల్ టేబుల్ మీద ఉంది. మధ్యాహ్నం నుంచి పదకొండుసార్లు మోగిందని అతను చెప్పాడు. నర్సమ్మ కూతురట. ఎత్తనివ్వలేదట.

ఇన్‌స్పెక్టర్ ఆ ఫోన్ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టింది. పక్కనే కూర్చుంది. యూనిఫాంలో ఉండగా ఆ బెంచీ మీద ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

"ఒంటిగంటకే మిమ్మల్ని పంపించెయ్యాల్సింది. పంపలేదు. ఇందాక నేను మాట్లాడిన తీరూ తప్పే. క్షమించండి."

నర్సమ్మ ఆ మాటలు విన్నట్టు లేదు.

"పెద్దాయన దొరికారా అమ్మా?"

"దొరికారు. ఇంట్లో ఉన్నారు."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు. బాగున్నారు."

"అన్నం తిన్నారా?"

"తిన్నారు."

"రెండింటి మాత్ర వేశారా?"

ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి తెలీదు. అడగాలని కూడా తోచలేదు.

నర్సమ్మ గోడ గడియారం చూసింది. ఫోన్ చెవికి ఆనించి, "ఏడవకు తల్లీ, వస్తున్నా, ఓ అరగంటలో నేనే చేస్తాను," అంటూనే లేచి నిలబడింది. చెప్పుల కోసం బెంచీ కింద కాలితో వెతుక్కుంది.

"బస్సు దొరుకుతుందో లేదో," అంది. "ఆ మాత్ర ఆలస్యమైతే ఆయనకి రాత్రంతా కలతే."

"జీపుంది," అంది ఇన్‌స్పెక్టర్. తాళం చెవులు హెడ్ కానిస్టేబుల్‌కి ఇవ్వలేదు. తానే పట్టుకుని ఆమె వెనకాల నడిచింది.